పసుపు కుండీలో మచ్చల పువ్వు

"ఏయ్ ఏయ్, అవి మిరియాలు కావే తల్లీ!"

చారులోకి దంచుదామని రోట్లో వేసిన గింజల్ని మా అత్తయ్యగారు రెండు చేతులా దోసిలి పట్టి లాగేసుకున్నారు. ఫ్రిజ్‌లో అడుగు అరలో, పాత పెరుగు డబ్బాలో, తడిగుడ్డలో మూటకట్టి ఉన్నాయవి. నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ. మిరియాల్ని తడిగుడ్డలో ఎవరైనా మూటకడతారా అని నాకు తట్టాలి. తట్టలేదు.

"ఒక్క దెబ్బ పడుంటే నా ఏడాది కష్టం చారులో కలిసిపోయేది," అంటూ గింజల్ని ఒక్కొక్కటే కళ్ళ దగ్గర పెట్టుకుని చూసుకున్నారు.

మా ఆడపడుచు దుర్గాశ్రీ గుమ్మంలో నిలబడి ఒకటే నవ్వు. "వదినా, అమ్మకి అన్నయ్య కన్నా, నా కన్నా ఆ గింజలెక్కువ. నువ్వు దంచేసుంటే ఈపాటికి నీకు తుని బస్సెక్కడమే."

తుని మా పుట్టిల్లు. ఆ మాటకి నేనూ నవ్వాను. ఆ వానాకాలంలో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అదే ఆఖరు.

మాది కడియం దగ్గర. చుట్టూ నర్సరీలే. మా ఆయన గణేష్‌బాబు నర్సరీల మొక్కల్ని వ్యాన్‌లో ఊళ్ళకి చేరవేస్తారు. మా అత్తయ్యగారు మాణిక్యాంబగారు, వయసులో ఉన్నప్పుడు నర్సరీలో అంట్లు కట్టిన మనిషి. ఇప్పుడు పనికి వెళ్ళరు గానీ పెరట్లో తన సొంత లోకం ఒకటి పెట్టుకున్నారు. లెపర్డ్ లిల్లీ అని ఒక మొక్క ఉంది. విసనకర్రలా పరుచుకున్న ఆకులు, నారింజరంగు పువ్వు, రేకుల నిండా చిరుతపులికి ఉన్నట్టు ఎర్రమచ్చలు. పేరుకి లిల్లీయే గానీ ఇది ఐరిస్ జాతిదని బెంగుళూరు నుంచి మొక్కలు కొనడానికి వచ్చినాయన ఎవరో చెప్పారట. అప్పట్నుంచి ఆవిడకి అవి "నా ఐరిస్‌లు".

పువ్వు ఒక్కరోజే ఉంటుంది. సాయంత్రానికి తడిబట్ట పిండినట్టు మెలితిరిగిపోతుంది. అందుకని పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా, పిల్లలు రంగులేసుకునే కుంచెతో ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకి పూసేవారు. పూసినదానికి ఊలు దారం కట్టి, పాత దోమతెర గుడ్డతో ముసుగు వేసేవారు. ఆవిడ పట్టుదలల్లా ఒక్కటే, మచ్చ లేని పసుపు పువ్వు. ఏళ్ళ తరబడి మచ్చలవాటిని వాటిలో వాటికే కలుపుతూ పోతే రెండంటే రెండు పసుపు మొక్కలు పుట్టాయి. ముందటేడు ఆ రెండిటినీ ఒకదానికొకటి కలిపారు. వాటి పిల్లలు, నిరుడు కుండీల్లో లేచినవి, ఈ వానలకి మొదటిసారి పూయాలి. అన్నీ పసుపు పూస్తే తన నర్సరీలో పెట్టి అమ్ముతానని బుల్లిరాజుగారు మాటిచ్చారు.

"అన్నీ పసుపే పూస్తాయని నమ్మకమేంటండీ?" అని ఆ రోజు ఫ్రిజ్‌లోంచి తీసిన కొత్త గింజలు నాటుతూ అడిగాను.

"నమ్మకం కాదే, లెక్క. మచ్చ అన్నది ఉంటే పైకి కనబడి తీరే గుణం. తల్లికున్నా దిగుతుంది, తండ్రికున్నా దిగుతుంది. మచ్చ లేని రెండిటికీ పుట్టినదానికి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నారు, గింజని వేలితో మట్టిలోకి నొక్కుతూ. "మొలవడానికే వీటికి పొగరు. చలిలో పడుకోబెట్టి లేపాలి. లేపినా ఒకటి నెలకి లేస్తుంది, ఇంకోటి వచ్చే ఏటికి లేస్తుంది. ఒకే కాయలోవి, ఒకే కడుపున పుట్టినవి."

ఆ మాటలు అప్పుడు మొక్కల గురించే విన్నాను.

మా పాప సాయిదుర్గకి మూడో ఏడు నడుస్తోంది. పుట్టినప్పటి నుంచీ నుదుటికి సరిగ్గా పైన, పాపిడి మొదట్లో, ఒక పాయ తెల్లగా ఉంది. దాని కిందే నుదుటి మీద చింతగింజంత తెల్లమచ్చ. రోజూ నీళ్ళు పోయగానే మా అత్తయ్యగారే పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ మచ్చ మీద కాటుక దిద్దేవారు. పాయని ఆముదంతో లోపలికి దువ్వేసేవారు. బయటివాళ్ళకి అది దిష్టిచుక్క. మనవరాలి మీద ఎంత ప్రేమో అని నేనూ అనుకునేదాన్ని.

"పుట్టువెంట్రుకలు తీసేస్తే మళ్ళీ నల్లగానే వస్తాయి. శ్రావణంలో చినతిరుపతి తీసుకెళ్దాం," అన్నారు అత్తయ్యగారు. దుర్గాశ్రీకి కొవ్వూరు సంబంధం అప్పటికి దాదాపు కుదిరినట్టే. పిల్లాడి తల్లి వెంకటదుర్గగారు తామూ కొండకి వస్తామని కబురు పెట్టారు. దేవుడి దర్శనమూ అవుతుంది, నలుగురం కలిసి మాట్లాడుకున్నట్టూ అవుతుందని.

పక్కింటి సువార్తమ్మగారు మిషన్ మీద జాకెట్లు కుడతారు. చేతిలో కత్తెర, నోట్లో మాట, రెండూ ఆగవు. గోడ అవతల నుంచి ఒకరోజు పలకరించారు.

"ఏమ్మా వేణీ, బొల్లి మీ అమ్మమ్మగారికే కదా?"

"ఏంటండీ?"

"అదేనమ్మా, పాపకి. మీ అమ్మమ్మగారి పోలికంటగా. ఆవిడ పోయి చాన్నాళ్ళయిందని కూడా చెప్పారు మీ అత్తగారు."

బట్టల బక్కెట్టు కింద పెట్టాను. "మా అమ్మమ్మ బతికే ఉందండీ! తునిలో ఉంది. పొద్దున్న ఫోన్ కూడా చేసింది."

"అయ్యో ప్రభువా!" అని ఆవిడ నోటి మీద చెయ్యేసుకున్నారు. "నేనేమీ అనలేదమ్మా. నువ్వేమీ వినలేదు."

వినేశాక విననట్టు ఎలా ఉంటాను? మా అమ్మమ్మకి ఒంటి మీద నూగుగింజంత మచ్చ లేదు. పుట్టింటివైపు ఒక్కొక్కరినీ తలుచుకుని వేళ్ళు మడిచాను. ఎవరికీ లేదు. మరి ఆవిడ అంత తడుముకోకుండా, బతికున్న మనిషిని చంపి మరీ ఎందుకు చెప్పారు?

అప్పట్నుంచి నా చెవులు పాము చెవులయ్యాయి. ఫోన్ పట్టుకుని ఆవిడ పెరట్లోకి వెళ్తే నాకు అక్కడే ఏదో ఆరేసిన బట్ట గుర్తొచ్చేది. నన్ను చూసి ఆవిడ గొంతు తగ్గించేవారు. కాటుక దిద్దుతుంటే, అది దిష్టి కోసం కాదు, దాచడం కోసం అని తెలుస్తూ ఉండేది. ఎందుకన్నది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మచ్చ ఈ ఇంటిదైతే అది దుర్గాశ్రీ పెళ్ళిపీటల దాకా వస్తుంది. నా వైపుదైతే నాతోనే ఆగిపోతుంది. నాతోనూ, నా కూతురితోనూ. రేపు దానికి పెళ్ళీడు వచ్చినా "వాళ్ళమ్మ తాలూకు బొల్లి" అనే అంటారు. "తుని బస్సు" అని దుర్గాశ్రీ అన్నది వేళాకోళమో, ఇంట్లో ముందే అనుకున్న మాటో అని కూడా అనుమానం వచ్చింది.

మా ఆయన్ని పోరగా పోరగా రాజమండ్రిలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పాప మచ్చనీ, పాయనీ లైటు పెట్టి చూశారు. వీపూ పొట్టా తిప్పి చూశారు. పాప ఆవిడ మెళ్ళో స్టెతస్కోపు లాక్కుని "నాది" అంది.

"బొల్లి కాదమ్మా ఇది. పుట్టుకతో వచ్చిన మచ్చ. ఇలాగే ఉంటుంది, పాకదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. మందులతో దీన్ని పీడించకండి. చాలావరకు తల్లి నుంచో తండ్రి నుంచో దిగుతుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా ఉందా?"

"లేదండి," అన్నారు మా ఆయన. నేను నోరు తెరిచేలోపే అన్నారు.

తిరిగి వస్తుంటే వేమగిరి దాటాక కుండపోత. బండి ఆపి ఒక టీకొట్టు రేకుల కింద నిలబడ్డాం. బురద చిమ్ముతోందని ఆయన ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకున్నారు. కుడి మోకాలి కింద అరచేయంత తెల్లమచ్చ. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నదే. చిన్నప్పుడు గంజి పడి కాలిందని మా అత్తయ్యగారు చెబితే, అయ్యో పాపం అనుకున్నదాన్నే. ఆ రోజు వంగి చూశాను. నా మణికట్టు మీద నిజంగా గంజి పడిన మచ్చ ఉంది. చర్మం ముడుచుకుపోయి, వెంట్రుక మొలవక, కొబ్బరిపీచు రుద్దినట్టు ఉంటుంది. ఆయనది నున్నగా ఉంది. దాని మీద వెంట్రుకలు మామూలుగానే ఉన్నాయి. తెల్లగా ఉన్నాయి.

"ఏవండీ, గంజి పడినప్పుడు మీకు ఎన్నేళ్ళు?"

"ఏమో. అమ్మ చెప్పింది. నాకేం గుర్తు?"

"కాలితే వెంట్రుకలు వస్తాయా?"

ఆయన ప్యాంటు దించేసుకున్నారు. "టీ తాగుతావా, తాగవా?"

ఆయనకి నిజంగా తెలీదో, తెలిసే దాటేశారో ఇప్పటికీ చెప్పలేను. మా మామగారి నుంచి దిగి ఉంటుందనుకున్నాను. ఆయన నేను కాపురానికి రాకముందే పోయారు. హాల్లో ఫోటో ఉంది. ఇంటికి రాగానే స్టూలు ఎక్కి మరీ చూశాను. పొడుగు చేతుల చొక్కా, మెడ దాకా గుండీ, నుదుటి నిండా నామం. ఫోటోలో కూడా దాచేశారనిపించింది.

"ఏం చూస్తున్నావు?" మా అత్తయ్యగారు వెనకే ఉన్నారు.

"బూజు పట్టిందండీ."

"నిన్ననే దులిపాను," అన్నారు ఆవిడ.

ఆషాఢం చివర్లో ఒక పొద్దున్న పెరట్లోంచి కేక. పాపకేమైందోనని చేతిలో అట్లకాడతోనే పరిగెత్తాను. పాప బాగానే ఉంది. మెట్టు మీద కూర్చుని తన అట్టు ముక్కలు చేసి కాకికి పెడుతోంది. కేక వేసింది మా అత్తయ్యగారు. పసుపు కుండీల వరస ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. వరసలో విచ్చినవన్నీ నిమ్మపండు రంగు, ఒక్క చుక్క లేదు. మధ్యలో ఒక్క కుండీలో మాత్రం నారింజరంగు పువ్వు. రేకుల నిండా మచ్చలు.

"కుండీలు ఎవరు మార్చారు?"

"ఎవరు మారుస్తారండీ?"

"బుల్లిరాజు మనుషులు ఇటుకేసి వచ్చారా? సువార్తమ్మ కోడి పెరట్లోకి దూరిందా? పోనీ నువ్వేమన్నా అటుదిటు పెట్టావా?"

"కోడి కుండీలు మార్చదు కదండీ."

"వేళాకోళాలకి పిలవలేదు నిన్ను!" అని అరిచారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. "చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను వీటిని. మచ్చ ఊరికే రాదు వేణీ. తల్లికో తండ్రికో లేకుండా పిల్లకి మచ్చ రానే రాదు. నా పసుపు మొక్కలు అబద్ధమాడవు. ఎవరో ఏదో చేశారు!"

నేను కుండీ దగ్గర కూర్చుని మట్టి చూశాను. మొదట్లో, ఆ పెద్ద మొక్క నీడన, పీలగా ఇంకో మొక్క ఉంది. వేలితో మట్టి తొలిచాను. రెండిటి వేళ్ళూ వేరువేరు. నిరుడు ఈ కుండీల్లోకి మట్టి ఎత్తింది నేనే. అప్పుడు గుర్తొచ్చింది.

"ఇది వీటి పిల్ల కాదండీ అత్తయ్యగారూ. మచ్చల గింజలు వేసిన కుండీలు కొన్ని మొలవలేదని మీరు వదిలేశారు కదా. మట్టి దండగ ఎందుకు, పసుపువాటికి కలిపెయ్యమన్నారు. కలిపాను. ఆ మట్టిలో లేవని గింజ ఒకటి ఉండిపోయి ఉంటుంది. కుండీ మారాక లేచి, మీ పసుపుదాన్ని తొక్కేసి పెరిగింది. ఇదిగో, పక్కన పీలగా ఉన్నదే, అదీ మీ పసుపు పిల్ల."

ఆవిడ వంగి చూశారు. ఆకు తిప్పి, మొదలు పట్టుకుని చూశారు. ముఖంలో బిగువు తగ్గింది. "అంతేలా ఉంది. నా మట్టి పిసినారితనమే నన్ను తిప్పలు పెట్టింది. అయితే లెక్క తప్పలేదన్నమాట," అని ఊపిరి వదిలారు.

"తప్పలేదండీ. మచ్చ ఊరికే రాలేదు."

తర్వాతి మాట అనాలని నేను అనుకోలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"నాకెక్కడా లేదండీ. మా అమ్మమ్మ కూడా తునిలో బతికే ఉంది."

వాన చినుకు మొదలైంది. ఆవిడ నావైపు చూడలేదు. నీళ్ళ మగ్గు తీసుకుని, ఆ వానలోనే, అప్పటికే తడిసి ఉన్న కుండీకి నీళ్ళు పోస్తూ నిలబడ్డారు. నీళ్ళు అంచు దాటి కాళ్ళ మీద పడుతున్నా పోస్తూనే ఉన్నారు.

"అట్టు మాడుతోంది. చూసుకో," అన్నారు చివరికి.

మాడిపోయింది. పెనం తోమడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు బొటాబొటిగా నడిచాయి. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది. పాప పడుకుందా అంటే పడుకుంది. కాటుక మాత్రం మరింత చిక్కగా దిద్దడం మొదలుపెట్టారు. శ్రావణం రాగానే సాన ముందేసుకుని గంధం తీయడానికి కూర్చున్నారు. గుండు చేయించాక తలకి గంధం పూస్తారు, అది అందరూ చేసేదే. కానీ ఆవిడ గిన్నెకి గిన్నె తీస్తున్నారు.

"ఇంత గంధం ఎందుకండీ?"

"కావాలి."

అప్పుడు వెలిగింది నాకు. తెల్లపాయని తీసేస్తే తెల్లమచ్చ పోతుందా? జుట్టు పోతే దాని కింద తల మీద చర్మం బయటపడుతుంది. ఇన్నాళ్ళూ వెంట్రుకలు కప్పిందంతా కొండ మీద, వెంకటదుర్గగారి కళ్ళ ముందు తేలుతుంది. ఆ సంగతి ఆవిడకీ ఆలస్యంగానే తట్టినట్టుంది. మానుకుందామంటే మొక్కు. మూడో ఏడు దాటకూడదు. అందుకే ఈ గంధం.

ఆ సాయంత్రమే నీళ్ళగది పక్క నుంచి, కొవ్వూరు వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడుతున్న ఆవిడ గొంతు వినబడింది. "...అవునండీ వదినగారూ. మా మనవరాలి గురించి మీకొక విషయం చెప్పాలి. ఫోన్‌లో కాదు. కొండ మీద ఎదురుగా చెబుతాను."

ఏం చెబుతారో నాకు తెలుసు. నలుగురిలో, దేవుడి ఎదుట, ఇది మా కోడలివైపు నుంచి వచ్చిందని చెప్పేస్తారు. అక్కడ చెప్పిన మాట ఇక జన్మలో తిరగదు.

మా అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, నన్ను పంపించేస్తారేమో."

"ముందు అన్నం తిన్నావా?"

"అమ్మా!"

"తినకుండా అనుమానపడకే. కడుపు ఖాళీగా ఉంటే అన్నీ నిజంలాగే ఉంటాయి."

పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుండు చేయించాల్సింది మేనమామ. మా తమ్ముడు అప్పాజీ ఎలాగూ వస్తాడు. వాడికి చెప్పాను, అమ్మమ్మని కూడా తీసుకురా అని. "ఆవిడ కొండెక్కలేదే," అన్నాడు. "మోసుకురా," అన్నాను. నా బ్యాగులో పాపవి రెండు గౌన్లు ఎక్కువ పెట్టుకున్నాను. కొండ మీద అనకూడని మాట అంటే అటునుంచి అటే తుని వెళ్ళిపోవాలని.

చినతిరుపతి కొండ మీద ఆ రోజు జనం. మా ఆయన వ్యాన్‌లో మేమందరం ముందే చేరాం. కాసేపటికి కొవ్వూరు వాళ్ళు వచ్చారు. వెంకటదుర్గగారు పచ్చగా, నిండుగా, నవ్వుతూ ఉన్నారు. కళ్ళు మాత్రం దేన్నీ వదలవు. దుర్గాశ్రీని పక్కన కూర్చోబెట్టుకుని దాని గాజులు సర్దారు. ఆ వెనకే అప్పాజీ మా అమ్మమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. బోసినోటితో, వక్క నములుతూ.

"మా అమ్మమ్మండీ," అని పరిచయం చేశాను, గొంతు పెంచి.

మా అత్తయ్యగారు ఒక్క క్షణం ఆవిడ వంక చూశారు. తర్వాత వంగి కాళ్ళకి దణ్ణం పెట్టారు.

"బాగున్నావా తల్లీ? నేను పోయానన్నారట ఎవరో. ఇంకా లేదు," అంది అమ్మమ్మ. అప్పాజీ గాడికి నేను చెప్పినవన్నీ దారి పొడుగునా ఆవిడ చెవిలో వేసినట్టున్నాడు. మా అత్తయ్యగారి ముఖం ఎర్రబడింది.

కళ్యాణకట్టలో నీళ్ళు, ఏడుపులు, తడి జుట్టు వాసన. పాప అప్పాజీ ఒళ్ళో గింజుకుంది. మా ఆయన పాప చేతులు పట్టుకున్నారు. తలకి నీళ్ళు పట్టించి, కత్తి పెట్టినాయన నుదుటి దగ్గరే మొదలుపెట్టాడు. తెల్లపాయ మొదట జారి పళ్ళెంలో పడింది. నీళ్ళకి కాటుక కూడా కరిగి ముక్కు మీదికి కారింది. జుట్టు పోయేకొద్దీ, నుదుటి మీద చింతగింజంత ఉన్నది పైకి పాకి, తల మీద రావి ఆకంత తెల్లమచ్చ అయి నిలిచింది.

"అయ్యో, ఇదేంటండీ?" వెంకటదుర్గగారు ముందుకు వంగారు. నవ్వు పోయింది. "మచ్చా? పుట్టుకతోనా? ఎవరి పోలిక?"

నా కళ్ళు మా అత్తయ్యగారి మీదే ఉన్నాయి. ఆవిడ చేతిలో గంధం గిన్నె ఉంది. ఇప్పుడు పూసేస్తారు, పూస్తూ నా పేరు చెబుతారు అనుకుని బ్యాగు భుజానికి ఎక్కించుకున్నాను.

ఆవిడ గిన్నె తెచ్చి నా చేతికిచ్చారు. అప్పాజీ లేచిన చోట, ఆ తడి గచ్చు మీద, కాళ్ళు మడుచుకుని కూర్చున్నారు.

"నాకూ తియ్యి నాయనా. పూర్తిగా."

"మొక్కుందా అమ్మా?"

"ఉంది. ఎప్పట్నుంచో బాకీ."

"అమ్మా, ఏంటిది?" అని దుర్గాశ్రీ లేచింది. "ఇప్పుడు నువ్వెందుకు? రేపు నా..." అని ఆగిపోయింది, పక్కన ఎవరున్నారో గుర్తొచ్చి. మా ఆయన "అమ్మా" అని ఒక అడుగు వేసి, వేసిన చోటే నిలబడిపోయారు.

ఆవిడ ముడి విప్పేశారు. రంగేసిన జుట్టు నడుం దాకా పడింది. కత్తి నుదుటి మీద నుంచి వెనక్కి నడిచింది. మొదటి వరస జుట్టు పోగానే కనిపించింది. పాపకి ఉన్నచోటే. రావి ఆకు ఆకారమే. కాస్త పెద్దది, అంతే. ఇన్నేళ్ళూ ఎండ ఎరగక, అన్నం మెతుకంత తెల్లగా ఉంది.

కత్తి పట్టుకున్నాయన తన పని తాను చేసుకుపోతున్నాడు.

అయిపోయాక ఆవిడ తలని కొంగుతో కూడా కప్పుకోలేదు. కూర్చున్న చోటి నుంచే అన్నారు.

"వదినగారూ, ఇదే నేను చెబుతానన్న మాట. ఇది నాది. మా వాడికి కాలి మీద ఉంది. కాలిందని వాడికీ అబద్ధమే చెప్పాను. మా అమ్మాయికి లేదు. మా కోడలికి లేదు, వాళ్ళ వైపు ఎవరికీ లేదు, ఇదిగో పెద్దావిడ కూడా ఇక్కడే ఉన్నారు. అంటేది కాదు, పాకేది కాదు, డాక్టరు చెప్పింది. మీ ఇంట్లో అనుకుని చెప్పండి."

వెంకటదుర్గగారు ఆ తల వంకా, పాప తల వంకా మార్చి మార్చి చూశారు. "మావారితో మాట్లాడాలండీ," అన్నారు. ముళ్ళూ లేవు, మెత్తదనమూ లేదు ఆ మాటలో. దుర్గాశ్రీ అటు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆ పిల్ల తప్పేముంది ఇందులో, అనిపించింది. అయినా దాని వైపు వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు.

నిజం చెప్పొద్దూ, అప్పటికీ నా మనసు పూర్తిగా లొంగలేదు. ముందే నిశ్చయించుకున్నారా, మా అమ్మమ్మని చూశాక తప్పదనుకున్నారా? ఫోన్‌లో చెబుతానన్నది ఇదే అయితే అంత గంధం ఎందుకు తీసినట్టు? అడిగితే చెప్పేవారేమో. నేను అడగలేదు.

గిన్నెలో గంధం తీసుకుని పాప తలకి పూశాను, పల్చగా, మచ్చ కనబడేలా. తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "పూయమంటారా అత్తయ్యగారూ?"

"చల్లగా ఉంటుంది. పూయి," అన్నారు, తల వంచి.

చేతి కింద ఆ తల వెచ్చగా ఉంది. మొదటిసారి ముట్టుకున్నానేమో ఆవిడ తలని. ఇంతలో పాప ఏడుపు మానేసి మా మధ్యకి దూరింది. వాళ్ళ మామ్మ తల మీద మచ్చని వేలితో పొడిచింది. తన తల తడుముకుంది. మళ్ళీ ఆవిడ తల తడిమింది. దానికి కోపం వచ్చేసింది.

"మామ్మా, ఇది నాది! నువ్వు తీసుకున్నావా?"

"లేదే బంగారం," అన్నారు మా అత్తయ్యగారు. "నేనే నీకిచ్చాను."

ఆ మాట వెంకటదుర్గగారికి వినబడేలాగే అన్నారు.